ఆయన వచ్చారు, ఆవిడ వచ్చింది

పాలకొల్లు, తణుకు వైపు ఏ ఇంటి గుమ్మంలో నిలబడి అడిగినా తరచూ రెండు రకాల జవాబులు వస్తాయి. భర్త కోసం అడిగితే "ఆయన ఇంట్లో లేరండీ, చెరువు దగ్గరికి వెళ్ళారు" అంటుంది భార్య. భార్య కోసం అడిగితే "ఆవిడ లేదండీ, డ్వాక్రా మీటింగుకు వెళ్ళింది" అంటాడు భర్త. రెండు జవాబుల్లోనూ 'అండీ' ఉంది. ఆ 'అండీ' గుమ్మంలో నిలబడ్డవారికి దక్కిన మర్యాద. ఇంట్లో లేని మనిషికి దక్కిన మర్యాద ఎంతో తెలియాలంటే క్రియాపదం చివర చూడాలి. ఆయనకు 'లేరు, వెళ్ళారు' దక్కాయి. ఆవిడకు 'లేదు, వెళ్ళింది' దక్కాయి.

గోదావరి జిల్లాల మాటలో మర్యాద ఎక్కువని తెలుగువాళ్ళంతా ఒప్పుకుంటారు. సినిమాల్లో వెక్కిరించినా ముచ్చటగానే వెక్కిరిస్తారు. ఆ మర్యాద ఎవరి వాటాకు ఎంత వస్తోందన్న లెక్క మాత్రం ఎవరూ తీయరు. భాషలో స్త్రీల పట్ల వివక్ష అనగానే మనకు తిట్లు, సామెతలు గుర్తుకొస్తాయి. అవి పైకి కనిపించేవి కాబట్టి పట్టుకోవడం తేలిక. తెలుగులో అసలు పని జరిగేది ఎవరూ పట్టించుకోని చోట, 'డు', 'ది', 'రు' అనే మూడు చిన్న అక్షరాల దగ్గర.

ముందు వ్యాకరణం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చర్చ మొదలవగానే అందరూ దాని మీదే పడతారు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగు నామవాచకాలను మహత్తులు, అమహత్తులు అని విడదీశాడు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివన్నీ మహత్తులు. అంటే మగవాళ్ళు, మగ దేవతలు. మిగిలినవన్నీ అమహత్తులు. మహత్తు అంటే గొప్పది అని వేరే చెప్పనక్కర్లేదు. పేరు పెట్టడంలో ఆ కాలపు చూపు ఉంది. కానీ విభజన ఆయన కల్పించింది కాదు, జనం నోట ఉన్నదే. అక్క వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, వరద వచ్చింది. అన్న ఒక్కడే వచ్చాడు.

మన పొరుగు భాషలు ఇలా లేవు. తమిళంలో మగవాడు 'వందాన్', ఆడమనిషి 'వందాళ్', పశువో వస్తువో అయితే 'వందదు'. కన్నడంలోనూ స్త్రీకి విడిగా 'బందళు' ఉంది. మలయాళంలో ఎవరు వచ్చినా 'వన్ను' ఒక్కటే. తెలుగులో ఏకవచనం దాకా స్త్రీ వస్తువుల వరుసలో నిలబడుతుంది, బహువచనంలోకి రాగానే మనుషుల్లో కలుస్తుంది. అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఒక్కతే వస్తే బస్సుతో జత, ఇద్దరు కలిసి వస్తే మనుషులు. స్త్రీలు సంఘాలుగా ఏర్పడాలని మన వ్యాకరణం ఎప్పుడో చెప్పిందని నవ్వుకోవచ్చు.

అయితే వివక్షకు వ్యాకరణమే మూలమనుకుంటే పొరపాటు. బెంగాలీలో సర్వనామాలకు గానీ క్రియలకు గానీ లింగభేదం లేదు. పారశీకంలో ఆయనకూ ఆమెకూ ఒకటే సర్వనామం. అంత మాత్రాన ఆ భాషలు మాట్లాడే సమాజాల్లో స్త్రీపురుషులు సమానమైపోలేదు. 'అమ్మ వచ్చింది' అన్నప్పుడు ఎవరి మనసులోనూ అమ్మ వస్తువుగా మెదలదు. వాడి వాడి అరిగిపోయిన ప్రత్యయాలు అర్థాన్ని మోయవు. అందువల్ల 'వచ్చింది' అన్న ప్రతిచోటా నేరం వెదకడం దండగ. వెదకాల్సింది, రెండు రూపాలూ అందుబాటులో ఉన్నప్పుడు ఏది ఎవరికి వాడుతున్నామన్నది. అక్కడ వ్యాకరణం మనల్ని బలవంతపెట్టడం లేదు. ఎంచుకుంటున్నది మనమే.

తెలుగులో మర్యాదకు మెట్లు ఉన్నాయి. మగవాడికి వాడు, అతను, ఆయన, వారు. స్త్రీకి అది, ఆమె, ఆవిడ, వారు. రెండు నిచ్చెనలూ పైన ఒకే చోట కలుస్తాయి, కింద మాత్రం కలవవు. మగవాడిని ఎంత తక్కువ చేసినా 'వాడు' దగ్గర ఆగుతాడు, మనిషిగానే ఉంటాడు. స్త్రీని తక్కువ చేస్తే 'అది' దగ్గరికి చేరుతుంది. అది కుర్చీకి, కుక్కకు, కూరకు వాడే మాట. మధ్య మెట్ల దగ్గర కూడా తేడా ఉంది. 'ఆయన' అనగానే 'వచ్చారు' దానంతటదే వెంట వస్తుంది. 'ఆయన వచ్చాడు' అనీ అంటారు, కానీ ఇంటి పెద్ద గురించి అలా అంటే గోదావరి జిల్లాల్లో చెవులు నిక్కబొడుచుకుంటాయి. 'ఆవిడ వచ్చింది' అంటే ఎవరి చెవికీ తగలదు. 'ఆవిడ వచ్చారు' అనడానికి ఆవిడ టీచరో, డాక్టరో, వియ్యపురాలో అయి ఉండాలి.

పత్రికలు చూడండి. 'కలెక్టర్ ఆదేశించారు' అని రాస్తారు. ఆ కలెక్టర్ స్త్రీయో పురుషుడో వాక్యం చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. అదే పేజీలో కిందికి వస్తే నష్టపోయిన కౌలు రైతు 'చెప్పాడు', ఆయన భార్య 'వాపోయింది'. పదవికి 'రు' పుట్టుకతో వస్తుంది. పదవి లేని మగవాడికి వయసుతో వస్తుంది. పదవి లేని ఆడమనిషికి వయసు మీద పడ్డాక కూడా రాకపోవచ్చు.

కులం కలిస్తే ఈ లెక్క ఇంకా బాగా బయటపడుతుంది. సార్వా (వానకాలపు వరి) ఊడ్పులు జరిగే రోజుల్లో ఏ పంట బోదె గట్టున నిలబడ్డా చూడవచ్చు. మడిలో పదిమంది ఆడవాళ్ళు నడుములు వంచి వెనక్కి అడుగులేస్తూ నాట్లు వేస్తుంటారు. గట్టు మీద బండి ఆపి ఆసామి కొడుకు, ఇంకా మీసం సరిగా రాని కుర్రవాడు, తన నాయనమ్మ వయసున్న కూలీని "ఏమే, ఆ మూల వదిలేశావేం?" అంటాడు. ఆమె "వేస్తున్నాం బాబుగారూ" అంటుంది. వెంటనే ఫోను తీసి ట్రాక్టరు ఆయనతో "బాబాయ్ గారూ, పక్క చేలో దమ్ము ఎప్పుడు చేస్తారండీ?" అంటాడు. మర్యాద తెలియని కుర్రవాడేమీ కాదు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వనక్కర్లేదో చిన్నప్పుడే నేర్చుకున్నాడు. ఆ గట్టు మీదే నిలబడిన ఆసామి భార్యను కూలీలంతా 'అమ్మగారు' అంటారు. కాబట్టి 'తెలుగులో స్త్రీలకు మర్యాద తక్కువ' అని ఊరికే అనేస్తే సగమే చెప్పినట్టు. ఏ స్త్రీకి అన్న ప్రశ్న వెంటనే వేసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చిన్ననాటి స్నేహితురాళ్ళు ఇద్దరు భీమవరం బస్టాండులో కలిస్తే 'ఒసేయ్' అనుకుంటారు. తల్లి కూతురి గురించి "అది ఇంకా కాలేజీ నుంచి రాలేదు" అంటుంది. వీటిని కూడా వివక్ష ఖాతాలో వేస్తే మన భాషలో చనువుకు చోటుండదు. తేడా పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష సులువైనది: ఆ మాటను అవతలి మనిషి తిరిగి అనగలదా? స్నేహితురాలు అనగలదు, అంటుంది కూడా. నాట్లు వేసే ఆమె ఆ కుర్రవాణ్ణి 'ఏరా' అనలేదు. కూతురు తల్లిని అనలేదు గానీ, అదే తల్లి కొడుకును కూడా 'వాడు' అనే అంటుంది. భార్యాభర్తల మధ్య 'మీరు, నువ్వు' తేడాకూ ఇదే పరీక్ష. కొత్తగా పెళ్ళయిన చాలా ఇళ్ళలో ఇప్పుడు ఇద్దరూ 'నువ్వు' అనుకుంటున్నారు. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు గానీ, అందులో మర్యాద తగ్గలేదు, సర్దుబాటు జరిగింది.

ఇక పనుల పేర్లు. 'రైతు' అన్న మాటకు లింగం లేదు. కానీ 'రైతు వచ్చాడు' అనే రాస్తాం, బొమ్మ వేస్తే తలపాగా చుడతాం, సభ పెడితే 'రైతు సోదరులారా' అంటాం. విత్తనం మొలకకు మండెకట్టే చోట, నాట్లలో, కలుపులో, కుప్ప నూర్పిడిలో చేయి పెట్టే ఆడమనిషి ఎన్ని సార్వాలు, ఎన్ని దాళ్వాలు (రెండో పంటలు) చేసినా 'కూలీ' లేదా 'రైతు భార్య'. జాతీయ రైతు విధానం 2007లోనే రైతు అన్న మాటకు కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, చేపలు పట్టేవారు, పశువులు పెంచేవారు అందరినీ కలుపుకుని నిర్వచనం ఇచ్చింది. అందులో పాసుపుస్తకం ఉండాలన్న షరతు లేదు. ఆచరణలో మాత్రం రైతు అంటే పట్టాదారు, పట్టాదారు అంటే చాలావరకు మగవాడు. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతుల సంవత్సరంగా ప్రకటించాల్సి వచ్చిందంటే ఈ తంటా మన ఒక్కరిదే కాదన్నమాట.

'ఆడకూలి, మగకూలి' అన్న జంట మాట ఇంకా సూటిగా ఉంటుంది. డెల్టాలో ఇవి మనుషుల పేర్లు కావు, రేట్ల పేర్లు. "ఈ ఏడు ఆడకూలి ఎంత నడుస్తోంది?" అని అడుగుతారు. ఒకే రకమైన పనికి స్త్రీపురుషులకు ఒకే వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. కానీ రెండు రేట్లకు రెండు పేర్లు స్థిరపడ్డాక, ఆ తేడా ధరవరల్లో ఒకటిగా చెలామణి అయిపోతుంది, ఎందుకని ఎవరూ అడగరు. 2005 ఉపాధి హామీ చట్టం కింద జరిగిన పనుల్లో ఆడకూలి, మగకూలి అని రెండు లెక్కలు ఉండేవి కావు. ఒకే పట్టీ, ఒకే రేటు.

ఒక మాట కూలిని ఎలా తగ్గిస్తుందో చూడాలంటే నరసాపురం వెళ్ళాలి. కొక్కెపు సూదితో సన్నటి దారాన్ని అల్లే లేసు పనిని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతానికి తెచ్చారు. అది పెరిగి, విదేశాలకు ఎగుమతయ్యే పరిశ్రమ అయింది. జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ అక్కడ పరిశోధన చేసి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వెలువరించారు. ఆమె తేల్చిన విషయం మన చర్చకు ప్రాణం లాంటిది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను వ్యాపారులు, అధికారులు, ఇంటివాళ్ళు, చివరికి వాళ్ళకు వాళ్ళు కూడా కార్మికులు అనుకోలేదు. 'ఇంట్లో ఉండేవాళ్ళు', 'తీరిక వేళల్లో అల్లుకుంటారు' అన్నారు. తీరిక వేళ పనికి కూలి అడగడం ఏమిటి, ఇచ్చిందే ఎక్కువ. గంటల తరబడి కళ్ళు పోగొట్టుకుంటూ అల్లినా చేతికి వచ్చేది పొలం కూలికి వెళ్ళే దళిత స్త్రీలకు వచ్చే దానికన్నా తక్కువ. అయినా గడప దాటకుండా ఉన్నామన్న గౌరవం వాళ్ళను ఆ పనికి కట్టిపడేసింది. 'గృహిణి' అన్న మాట ఒక పరిశ్రమ మొత్తానికి పెట్టుబడిగా పనిచేసింది.

ఆ మాట ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని పిల్లవాణ్ణి అడిగితే "ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే లెక్కల్లో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. అదే పని చేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటల 'ఏమీ చేయకపోవడం' అది. ఇంతకన్నా ఘోరం సర్కారు లెక్కల్లో జరిగింది. 2001 జనగణనలో ఇంటిపని చేసే స్త్రీలను బిచ్చగాళ్ళు, ఖైదీలతో పాటు ఉత్పాదకత లేని వర్గంలో చేర్చారు. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణికి పరిహారం తేల్చే కేసులో సుప్రీంకోర్టు 2010లో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. మనిషి పోయాక ఆమె విలువ రూపాయల్లో కట్టాల్సి వచ్చినప్పుడు గానీ ఆ మాట ఖరీదు తెలియలేదు.

పనుల పేర్లలో రెండో చిక్కు 'మహిళా' అన్న తోక. మహిళా ఎస్సై, లేడీ కండక్టర్, మహిళా శాస్త్రవేత్త. డాక్టరు అంటే మగవాడు, ఆడమనిషైతే లేడీ డాక్టరు. అలాగని ప్రతిచోటా ఆ మాట తీసేయమనలేం. మంగళగిరిలోనో ఢిల్లీలోనో కౌలు రైతుల గుర్తింపు కార్డుల లెక్క తీస్తే, ఎన్ని స్త్రీల పేరిట ఉన్నాయో విడిగా తెలియాలి. అక్కడ 'మహిళా రైతులు' అని రాయకపోతే వాళ్ళు లెక్కల్లోంచి మాయమవుతారు. హక్కు, వాటా, లెక్క మాట్లాడుతున్నప్పుడు లింగం చూపాలి. నైపుణ్యం, పదవి, రోజువారీ పని మాట్లాడుతున్నప్పుడు వదిలేయాలి. "రావులపాలెంలో ప్రమాదాన్ని తప్పించిన మహిళా డ్రైవర్" అన్న శీర్షికలో మహిళా ఎందుకు? బండి నడిపింది చేతులు, కళ్ళు. రచయిత్రి, కవయిత్రి, అధ్యక్షురాలు లాంటి మాటల మీద మాత్రం నాకు కోపం లేదు. అవి భాషలో కుదురుకున్నాయి, వింటే చిన్నతనం తోచదు. కొందరు తమను 'రచయిత' అనే పిలవమంటారు. ఎవరిని ఎలా పిలవాలన్నది వాళ్ళ ఇష్టం.

సర్పంచ్ అన్న మాటకైతే లింగమే లేదు, అయినా ఊరు దానికి మీసం పెట్టేసింది. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ దాన్ని సగానికి పెంచింది. చాలా ఊళ్ళలో ఇప్పటికీ ఎన్నికైన ఆమె భర్తను 'సర్పంచ్ గారు' అంటారు, ఆమెను 'సర్పంచ్ గారి భార్య' అంటారు. రాజ్యాంగం ఇచ్చిన కుర్చీని ఊరి జనం ఒక్క పిలుపుతో వెనక్కి లాగేసుకున్నారు.

పెళ్ళి శుభలేఖ ఒకటి చేతిలోకి తీసుకుని నెమ్మదిగా చదవండి. అమలాపురంలో అచ్చయినా కాకినాడలో అచ్చయినా పాఠం దాదాపు ఒకటే. వరుడి పేరు ముందు 'చి.' ఉంటుంది, చిరంజీవి. వధువు పేరు ముందు 'చి.ల.సౌ.' ఉంటుంది, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. అతణ్ణి నిండు నూరేళ్ళు బతకమని దీవించారు. ఆమెకు ఆ దీవెనతో పాటు సౌభాగ్యం అనే షరతు కూడా చేర్చారు, అంటే భర్త బతికి ఉండగా బతకమని. తరువాత వాక్యం: 'మా ద్వితీయ పుత్రిక ఫలానాను ఫలానా గారి జ్యేష్ఠ పుత్రుడు ఫలానాకు ఇచ్చి వివాహం జరిపించుటకు'. 'ఇచ్చి' అన్న మాట దగ్గర ఆగండి. ఇచ్చేవారు ఉన్నారు, పుచ్చుకునేవారు ఉన్నారు, చేతులు మారేది ఉంది.

ఇది అక్షరాలకే పరిమితమైన విషయం కాదు, ఆస్తి దాకా సాగుతుంది. డెల్టాలో కొడుకుకు దక్కే పొలాన్ని 'వాటా' అంటారు. కూతురికి రాసే పొలాన్ని 'పసుపు కుంకుమ' కింద ఇచ్చామంటారు. వాటా హక్కు. పసుపు కుంకుమ దయ. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అమలులో ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. నలభై ఏళ్ళ చట్టం చేతిలో ఉన్నా, వాటా అడిగిన ఆడపడుచును "పుట్టింటి మీద కేసు వేసింది" అని ఊరంతా అంటుంది. అన్నదమ్ములు పంచుకుంటే 'పంపకాలు', అక్కచెల్లెళ్ళు అడిగితే 'కేసు'.

శుభలేఖ మార్చడం కష్టమేమీ కాదు. 'మా కుమార్తె, వారి కుమారుడు ఒకరినొకరు ఇష్టపడి, పెద్దల ఆశీస్సులతో' అని పొడుగ్గా రాయనక్కర్లేదు. 'చి. ఫలానా, చి. ఫలానాల వివాహానికి రావలసిందిగా ఆహ్వానం' చాలు. అందులో ఎవరూ ఎవరినీ ఎవరికీ ఇవ్వలేదు.

సామెతల గురించి ఎక్కువ చెప్పను. 'తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు' లాంటివి అందరికీ తెలుసు, వాటితో వాదించేవాళ్ళూ తగ్గుతున్నారు. ఇంకా బతికి ఉన్నది 'గాజులు తొడుక్కున్నావా?' అన్న ఎత్తిపొడుపు. రాజకీయ నాయకులు ప్రత్యర్థులకు చీర, గాజులు పంపిస్తామని ఇప్పటికీ మైకుల్లో అంటుంటారు, ఆ సభలో ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు చప్పట్లు కొడుతుంటారు. కుర్రవాణ్ణి 'ఆడపిల్లలా ఏడుస్తావేం' అనడం కూడా ఈ జాతిదే. అది ఆడపిల్లతో పాటు ఆ కుర్రవాణ్ణీ గాయపరుస్తుంది. వెధవ అన్న తిట్టు విధవ నుంచి వచ్చిందని తెలిసి కూడా వాడతాం. 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఏ మాటతో పోరాడాడో, ఆ మాట వేషం మార్చుకుని మగపిల్లలను తిట్టడానికి మిగిలింది.

తిట్టు కన్నా పొగడ్త పట్టుకోవడం కష్టం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గోదావరి పాయలు దాటి వచ్చేవారికి వేళతో పని లేకుండా అన్నం పెట్టారు. ఆమెను 'అపర అన్నపూర్ణ' అంటాం, 'తల్లి' అంటాం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. అంతా బాగానే ఉంది. కానీ వరదలొచ్చే లంకల్లో, ఎందరు వస్తారో తెలియని పంక్తికి ఏళ్ళ తరబడి ధాన్యం, కట్టెలు, మనుషులను సమకూర్చడం ఎంత పెద్ద నిర్వహణ! అదే పని మగవాడు చేస్తే దక్షుడు, దార్శనికుడు అనేవాళ్ళం. ఆమెది మనసు అయింది, బుర్ర లెక్కలోకి రాలేదు. బిరుదుల్లోనూ అంతే. రాజమహేంద్రవరంలో న్యాయవాదిగా పనిచేసిన టంగుటూరి ప్రకాశం 'ఆంధ్రకేసరి'. ద్రాక్షారామం నుంచి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్ళి జైలుపాలైన దువ్వూరి సుబ్బమ్మ 'దేశబాంధవి'. ఒకరు సింహం, ఒకరు చుట్టం.

చట్టాల భాష ఈ విషయంలో నెమ్మదిగా కదులుతోంది. 1897 నాటి సాధారణ నిబంధనల చట్టం పుంలింగంలో చెప్పినదంతా స్త్రీలకూ వర్తిస్తుందని సర్దేసింది. 2023 భారతీయ న్యాయ సంహిత ఆ పుంలింగ సర్వనామం పురుషుడికి, స్త్రీకి, ట్రాన్స్‌జెండర్‌కు వర్తిస్తుందని రాసింది. సర్వనామం మారలేదు, దాని నీడ పెద్దదైంది. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కోసం ఒక కరదీపిక విడుదల చేసింది. 'ఈవ్ టీజింగ్' అనకండి, వీధిలో లైంగిక వేధింపు అనండి. 'శీలవతి అయిన స్త్రీ' అనకండి, స్త్రీ అనండి. ఇలా మాటకు మాట సూచించింది. మన పత్రికలు అంతకుముందే 'మానభంగం' వదిలి 'అత్యాచారం' పట్టుకున్నాయి. మంచి మార్పే, ఎందుకంటే మానం పోవాల్సింది నేరం చేసినవాడిది. కానీ వాక్యం ఇంకా మారలేదు. 'ఒంటరిగా వెళ్తున్న యువతిపై అత్యాచారం' అని శీర్షిక పెడతారు. ఒంటరిగా వెళ్ళిందన్న వివరం మొదట, ఏ పొద్దులో వెళ్ళిందో ఆ తరువాత, చేసినవాడు వాక్యంలో ఎక్కడా ఉండడు. 'దారికాచి యువతిపై అత్యాచారం చేసిన ఇద్దరి అరెస్టు' అంటే కర్త వచ్చి తన చోట కూర్చుంటాడు.

ఇప్పుడు యంత్రాలు కూడా ఈ అలవాటు నేర్చుకున్నాయి. తుర్కీ భాషలో సర్వనామానికి లింగం లేదు. అందులోని వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు గూగుల్ అనువాదం డాక్టరును పురుషుడిగా, నర్సును స్త్రీగా చూపేది. విమర్శలు వచ్చాక 2018 డిసెంబరులో రెండు రూపాలూ పక్కపక్కన చూపడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చేటప్పుడు చిక్కు తిరగబడుతుంది. ఇంగ్లీషు క్రియలో లింగం లేదు, తెలుగులో 'డు' పెట్టాలా 'ది' పెట్టాలా అని యంత్రం ఊహించాలి. మనం రాసిపెట్టిన కోట్ల వాక్యాల నుంచే ఊహిస్తుంది.

మరి ఏం చేయాలి? కొత్త మాటలు పుట్టించే వెర్రి వద్దు. స్వీడన్ వాళ్ళు లింగం లేని 'హెన్' అనే సర్వనామాన్ని ప్రచారంలోకి తెచ్చుకుని 2015లో తమ నిఘంటువులో చేర్చారు. మనకు ఆ శ్రమ లేదు. 'వచ్చారు' మన చేతిలోనే ఉంది. అది మర్యాదకు మర్యాద, లింగం చెప్పనక్కర్లేని చోట మరుగు కూడా. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని 'వచ్చాడు' అనాలో 'వచ్చింది' అనాలో తెలియక తికమకపడేవారికి 'వచ్చారు' ఒక్కటే దారి చూపుతుంది. వార్తలో రైతు 'చెప్పారు', ఆయన భార్య 'చెప్పారు', మంత్రి 'చెప్పారు' అని రాస్తే కొంపలేవీ మునగవు. ఆసామి కొడుకు మడిలో ఉన్న ఆమెను 'అమ్మా' అన్నా, 'పిన్నీ' అన్నా చాలు. పుస్తకాల తెలుగు ఎవరూ అడగడం లేదు.

"మాట మార్చితే కూలి పెరుగుతుందా?" అని అడుగుతారు. పెరగదు. కూలి పెరగాలంటే బేరం ఆడాలి, సంఘం కట్టాలి, చట్టం అమలు చేయించాలి. కానీ మాట ఖర్చు లేని పని. పైగా మాట ప్రభావం ఉత్తదని కొట్టేయలేం. ఉద్యోగ ప్రకటనల్లో 'దూకుడు, పోటీతత్వం, ఆధిపత్యం' లాంటి మాటలు ఎక్కువగా ఉంటే స్త్రీలు ఆ కొలువు మీద ఆసక్తి తగ్గించుకుంటున్నారని 2011లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. వాళ్ళు చేయలేమనుకోవడం వల్ల కాదు, అక్కడ తాము ఇమడమనిపించడం వల్ల. మన బజార్లలో ఫ్లెక్సీలు అంత నాజూకుగా కూడా ఉండవు. 'మేనేజరు కావలెను, పురుషులు మాత్రమే', 'లెక్కలు రాయుటకు అమ్మాయిలు కావలెను' అని సూటిగానే రాస్తారు.

పంచాయతీ కార్యాలయంలో ఒక గంట కూర్చుంటే మార్చదగ్గవి ఎన్నో దొరుకుతాయి. దరఖాస్తుల్లో 'తండ్రి/భర్త పేరు' అన్న గడి పక్కన తల్లి కూడా ఉండవచ్చు. పెళ్ళయిన స్త్రీని శ్రీమతి అనీ, కాని స్త్రీని కుమారి అనీ విడదీసే గడి తీసేస్తే ఏ పథకమూ ఆగదు, మగవాడికి పెళ్ళయిందో లేదో 'శ్రీ' ఎన్నడూ చెప్పలేదు. 'ఇంటి యజమాని' అన్న గడిలో ఎవరి పేరు రాయాలో 2013 ఆహార భద్రత చట్టం రేషను కార్డు వరకు తేల్చేసింది: ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామె. కాబట్టి గ్రామసభకు ఆటోలో మైకు పెట్టి చాటేటప్పుడు 'రైతు సోదరులు, ఇంటి యజమానులు తమ ఆడవారితో సహా హాజరు కావలెను' అన్న పాత కాగితాన్ని పక్కన పెట్టి, 'ఊరివారందరూ రండి, రైతులూ కూలీలూ కౌలుదారులూ రండి, సర్పంచ్ గారు మాట్లాడతారు' అని చదివిస్తే సరిపోతుంది. చదివేవాడికీ ఊపిరి కలిసొస్తుంది.